పక్క కార్డు మీద నా గురి

నేను తుపాకీ పేల్చి ఒక పెద్దావిడ జీవితాన్ని మార్చేశాను. ఆగండి, కంగారుపడి ఎవరికీ ఫోన్ చేయకండి. ఆవిడ నిక్షేపంగా ఉన్నారు, మొన్న శనివారం కూడా నన్ను చూసి నవ్వారు. ఆ రోజు పోయింది నా పరువు ఒక్కటే. అది కూడా మామూలుగా పోలేదు, పది గుండ్లు తగిలి పోయింది. ఆరేళ్లు దాటింది కాబట్టి ఇప్పుడు చెప్పుకుని నవ్వగలుగుతున్నాను. మొదటి ఏడాది మాత్రం ఎవరైనా ‘గురి’ అన్న మాట ఎత్తితే చాలు, మంచినీళ్లు తాగే వంకతో ఆ గదిలోంచి లేచిపోయేవాణ్ణి.

దీనంతటికీ మూలపురుషుడు ఖాదర్ భాయ్. హైదరాబాదు మనిషి, మా ఆఫీసులో నా పక్క సీటు, ఇల్లు సింగపూర్లో సెరంగూన్ వైపు. ఒక శుక్రవారం కాఫీ తాగుతూ మామూలుగా అడిగాడు.

“శనివారం ఏం జేస్తవ్ శ్రీధర్ భాయ్?”

“ఏముంది, కూరగాయలు, ఇస్త్రీ, మధ్యాహ్నం నిద్ర.”

“తుపాకీ పేలుస్తవా?”

నేను ముందు అటూ ఇటూ చూశాను. తర్వాత టేబుల్ కింద చూశాను. సింగపూర్లో ఆ మాట గట్టిగా అనడానికే భయం. బొమ్మ తుపాకీ పట్టుకుని రైలెక్కినా చిక్కుల్లో పడే దేశం ఇది. ఖాదర్ భాయ్ నా మొహం చూసి నవ్వేశాడు. “అరె, గట్ల కాదు భాయ్. క్లబ్బు ఉంది, కోచ్ ఉన్నడు, రూల్స్ ఉన్నయ్. ఎయిర్ పిస్టల్, గాలితోని పేలుతది. నేను ఏడేండ్ల సంది పోతున్న. ఒకసారి వచ్చి సూడరాదు.”

వెళ్లాను. పది మీటర్ల దూరంలో నోటుపుస్తకంలో సగం ఉండే అట్టకార్డు, దాని మధ్య నల్లటి గుండ్రం. నడిమధ్యలో తగిలితే పది మార్కులు, దూరం జరిగేకొద్దీ తొమ్మిది, ఎనిమిది, అలా తగ్గుతాయి. నేను పేల్చిన మొట్టమొదటి గుండు తొమ్మిదిలో పడింది. అదే నా కొంప ముంచింది. ఆ గుండు గోడకి తగిలి ఉంటే బుద్ధిగా కూరగాయలకి వెళ్లిపోయేవాణ్ణి. మీకు ఈ కథ చదివే శ్రమా తప్పేది.

క్లబ్బులో మాకు నేర్పేది కోచ్ ఓంగ్. సన్నగా, నిటారుగా ఉండే మనిషి. నవ్వడం ఆయన డ్యూటీలో లేదు. ఆయన మాట్లాడేది ఇంగ్లీషే కానీ మీ సౌకర్యం కోసం తెలుగులో చెబుతాను. చివర వచ్చే ‘లా’ మాత్రం సింగపూర్ వాళ్ల సొంత ఆస్తి కాబట్టి దాన్ని ముట్టుకోను.

“పిస్టల్ చివర నిలబడి ఉండే ఈ చిన్న ఇనపముక్క ఉంది చూశావా, దీన్ని సైటు అంటారు. నీ కన్ను దీని మీదే ఉండాలి. ఇది స్పష్టంగా కనబడాలి, దూరంగా ఉన్న నల్ల గుండ్రం మసగ్గా కనబడాలి. గుండ్రం బాగా కనబడుతోందంటే నువ్వు తప్పు చేస్తున్నావు లా.”

“మసగ్గా కనబడితే ఎలా కొట్టడం సార్?”

“మసగ్గా కనబడితేనే కొడతావు లా.”

ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. నేను మాత్రం గుర్తుపెట్టుకోవలసిన దానికన్నా ఎక్కువగా గుర్తుపెట్టుకున్నాను.

మా క్లబ్బులో ఒక పద్ధతి ఉంది. సొంత పిస్టల్ కొనుక్కోవాలంటే ముందు క్లబ్బులో ఆర్నెల్లకోసారి జరిగే ఫ్రెండ్లీ పోటీలో వందకి డెబ్బై తెచ్చుకోవాలి. అప్పుడు క్లబ్బు ఒక సిఫారసు ఉత్తరం ఇస్తుంది, దాన్ని పెట్టి లైసెన్సుకి అప్లై చేయాలి. అన్నీ అయి కొన్నాక కూడా పిస్టల్ మన ఇంటికి రాదు. క్లబ్బు వాళ్ల ఇనపగదిలోనే ఉంటుంది, మనమే శనివారం శనివారం వెళ్లి దాన్ని పలకరించి రావాలి. అయినా సరే, నాకు ఆ ఉత్తరం కావాలి. ప్రాక్టీసులో క్లబ్బు పాత పిస్టల్‌తో, క్లబ్బు వాళ్లు ఊరికే ఇచ్చే కళ్లద్దాలతో డెబ్బై రెండు, డెబ్బై నాలుగు తెచ్చుకుంటూనే ఉన్నాను. పోటీ రోజున వెళ్లి, రోజూ చేసేదే చేస్తే ఉత్తరం చేతికొచ్చేస్తుంది. కానీ ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచడం నా జాతకంలో లేదు.

పరీక్ష పాసవకముందే పిస్టల్ ఎంచుకోవడం మొదలుపెట్టాను. డీలరు దగ్గర మూడు రకాలున్నాయి. ఒకటి నీలం రంగు గొట్టంది, తేలిక. రెండోది వెండి రంగుది, కొంచెం బరువు. మూడోది నల్లది, చూడ్డానికి బాగా సీరియస్‌గా ఉంటుంది. ఇరవై ఒక్క వరసలతో కంప్యూటర్లో పట్టిక వేశాను. బరువు, ట్రిగ్గర్ మెత్తదనం, పిడి ఏ చెక్కది, గొట్టం పొడవు, మరమ్మతు ఎక్కడ, అన్నీ. రాత్రి అన్నం తింటూ కూడా అదే గోల. మా ఆవిడ సుజాత కాకినాడ మనిషి, ఓపిక ఎక్కువే. అయినా ఐదో నెలలో ఆవిడ ఓపికా అడుగంటింది.

“ఏవండీ, పెళ్లిచూపుల్లో నన్ను పది నిమిషాలు చూసి సరేనన్నారు. దీనికి ఐదు నెలలా?”

“నిన్ను ఒక్కదాన్నే చూపించారు. ఇవి మూడున్నాయి.”

ఆ పూట రసం నాకు నేనే వడ్డించుకున్నాను.

చివరికి నీలం రంగుదే ఖాయం చేశాను. అది డీలరు దగ్గర ఒక్కటే ఉంది. మళ్లీ ఎప్పుడు తెప్పిస్తాడో చెప్పలేనన్నాడు. అంటే ఈ పోటీలో డెబ్బై రాకపోతే ఆర్నెల్లు ఆగాలి, ఈలోగా అది వేరేవాళ్ల పాలవుతుంది. దాని చెక్క పిడి మనిషి చేతికి అచ్చుపోసినట్టు మూడు సైజుల్లో వస్తుంది. నేను ఖాదర్ భాయ్‌ని సలహా అడిగాను.

“పెద్ద సైజు తీసుకోనా భాయ్? మూడింటికీ రేటు ఒకటే.”

“నీ చెయ్యి ఇంకా పెరుగుతదా?”

“కాదనుకో, ఒకటే రేటు కదా అని...”

“అరె భాయ్, ఇది స్కూల్ యూనిఫామ్ కాదు, వచ్చే ఏడు గూడ సరిపోవాలె అనుకోనీకి. నువ్వు ముందు పాసవ్వు. పిడి సంగతి గప్పుడు సూద్దాం.”

ఖాదర్ భాయ్ మటుకు ఏ హంగూ లేని మనిషి. వెలిసిపోయిన టోపీ, పాత బట్టబూట్లు, అంతే. వాటితోనే తొంభైలు కొట్టేవాడు. ఆయన్ని చూసి నేర్చుకోవలసింది పోయి, ‘పాపం, మంచి సామాన్లుంటే ఈయన ఇంకెంత కొట్టేవాడో’ అని జాలిపడ్డాను.

పిస్టల్ ఎలాగూ పాసైతే గానీ రాదు కాబట్టి మిగతా సామానంతా ముందే కొనేశాను. అడుగు బల్లపరుపుగా ఉండే షూటింగ్ బూట్లు కొన్నాను, వాటితో నిలబడొచ్చు గానీ నడవడం కష్టం. పక్కచూపు పడకుండా రెండు రెక్కలున్న టోపీ కొన్నాను. చెయ్యి బలపడాలని సాయంత్రంపూట హాల్లో ఇస్త్రీపెట్టెని చాచి పట్టుకుని నిలబడేవాణ్ణి. సెంగ్‌కాంగ్‌లో మా ఫ్లాటు తలుపు తెరిచి ఉంటే కారిడార్లో పోయేవాళ్లకి హాలంతా కనబడుతుంది. ఎదురింటి ఆంటీ ఒకరోజు ఆగి, “అంకుల్, గాలికి ఇస్త్రీ చేస్తున్నావా?” అని నిజంగానే అడిగింది. బట్టలేవి అని కూడా వెతికింది.

అన్నిటికన్నా గొప్ప వస్తువు షూటింగ్ కళ్లద్దాలు. వాటిని కళ్లద్దాలు అనడం కూడా తప్పే. సన్నటి తీగ ఫ్రేము, ఎడమ కంటికి మూత, కుడి కంటి ముందు గుండ్రటి ఒంటి అద్దం. ఆ అద్దాన్ని పైకీ కిందికీ, అటూ ఇటూ జరపడానికి నాలుగు మరలు. జర్మనీ నుంచి తెప్పించాను. పెట్టుకుని అద్దంలో చూసుకుంటే గడియారాలు బాగుచేసేవాడిలా ఉన్నాను గానీ, నా కంటికి మాత్రం ఒలింపిక్ వీరుడు కనబడ్డాడు.

పోటీకి వారం ముందు స్నేహితుల్ని భోజనానికి పిలిచాను. భోజనం పేరు, అద్దాల ప్రదర్శన అసలు పని. అందరూ పెట్టుకుని చూశారు, అబ్బో అన్నారు. హంగులంటే గిట్టని ఖాదర్ భాయ్ కూడా రెండుసార్లు పెట్టుకుని “జబర్దస్త్ ఉన్నయ్ భాయ్” అన్నాడు. మర్నాడు పొద్దున నాకు తలనొప్పి. ముందురోజు బిర్యానీ మూడుసార్లు వడ్డించుకున్న సంగతి నాకు గుర్తు రాలేదు. దిష్టి అని తేల్చేశాను.

“సుజాతా, నా అద్దాలకి దిష్టి తగిలింది.”

“అద్దాలకా, మీకా?”

“రెండింటికీ. కొత్త బండి కొంటే నిమ్మకాయలు తొక్కించమూ? ఇదీ అంతే. పిస్టల్ ఎలాగూ ఇంటికి రాదు. ఇంటికొచ్చిన సామాన్లో గొప్పది ఇదే. దీనికి ఏదో ఒకటి చెయ్యాలి.”

ఆవిడ కాటుక పెన్సిలు తెచ్చింది. “ఇలా ఇవ్వండి, ఫ్రేము కాడ మీద చుక్క పెడతాను. చెవి వెనక్కి పోతుంది, ఎవరికీ కనబడదు.”

“కనబడకపోతే దిష్టి ఎలా ఆగుతుంది? చూసేవాళ్ల కళ్లు పడేది అద్దం మీద. చుక్క అద్దం మీదే ఉండాలి.”

“మీ కన్ను ఉండేదీ అద్దం వెనకాలే కదండీ!”

“ఓ మూలకి పెడతాలే. ఆమాత్రం తెలీదా నాకు?”

పెన్సిలు లాక్కుని అద్దం అంచున నేనే పెట్టాను. మొదట ఆవగింజంత పెట్టాను. వచ్చినవాళ్లు పన్నెండు మంది, ఆవగింజ చాలదనిపించి మిరియం గింజంత చేశాను. పెట్టుకుని చూస్తే మూలనెక్కడో ఉంది, అడ్డమేమీ లేదు. సుజాత నా వంక అదోలా చూసి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ చూపుకి కూడా ఒక చుక్క పెట్టి ఉండవలసింది.

పోటీ రోజు వచ్చింది. నాది ఎనిమిదో లేను, అంటే నిలబడి కాల్చే చోటు. కుడివైపు తొమ్మిదో దాంట్లో ఖాదర్ భాయ్. ఎడమవైపు ఏడో దాంట్లో లిమ్ ఆంటీ. ఈవిడ గురించి చెప్పాలి. రిటైరైన లెక్కల టీచరు, డెబ్బైకి దగ్గర్లో ఉంటారు. ఆవిడ భర్త ఈ క్లబ్బులో పాత సభ్యుడు. ఆయన పోయాక ఇంట్లో తోచక ఆవిడ చేరారు. చక్రాల సంచీ లాక్కుంటూ అందరికన్నా ముందొచ్చి, టిష్యూ ప్యాకెట్ పెట్టి ఏడో లేను ‘చోప్’ చేసేవారు. అంటే ఇక్కడి భాషలో సీటు ఆపుకోవడం. తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్లో టేబుల్‌కి చేసే పని షూటింగ్ లేనుకి చేసిన మొదటి మనిషి ఆవిడే. డెబ్బై కోసం ఇప్పటికి మూడు పోటీలు ఆడారు, మూడుసార్లూ అరవై లోపే. ఇది నాలుగోసారి.

“భయంగా ఉందా ఆంటీ?” అన్నాను, పెద్ద అనుభవశాలిలా.

“భయమెందుకు? ఫెయిలవడం నాకు బాగా వచ్చు. నీ అద్దాలు చాలా బాగున్నాయి లా.”

మళ్లీ దిష్టి! ఫరవాలేదు, చుక్క ఉంది కదా అని ధైర్యం తెచ్చుకున్నాను. వెనక గాజుగోడ అవతల కుర్చీలో సుజాత కూర్చుని ఫోన్‌తో వీడియో తీస్తోంది. వీడియో అనగానే నాకు అద్దాల కంపెనీ వాళ్ల పుస్తకంలోని బొమ్మ గుర్తొచ్చింది. అందులో షూటరు అద్దం ముక్కుకి దగ్గరగా, కాస్త కిందికి ఉంటుంది. నాది అలా లేదు. టాయిలెట్లోకి వెళ్లి నాలుగు మరలూ వదులు చేసి, అద్దాన్ని ఆ బొమ్మలోలాగే జరిపి, మళ్లీ బిగించాను. మీకు అర్థమైపోయింది కదూ? నాకు కాలేదు. అంచున ఉన్న మిరియం గింజ తిన్నగా వచ్చి నా కంటిపాప ఎదురుగా కూర్చుంది. నేను మాత్రం నా భంగిమ చూసుకుంటున్నాను.

“పది గుండ్లు, పదిహేను నిమిషాలు. మొదలుపెట్టండి” అన్నాడు కోచ్ ఓంగ్.

ఎడమచెయ్యి జేబులో పెట్టుకుని కుడిచెయ్యి చాచాను. చూద్దును కదా, ఎదురుగా నల్ల గుండ్రం, పెద్దది! రోజూ శనగగింజలా కనబడేది ఆ రోజు పెసరట్టంత ఉంది. అందులోనూ మసగ్గా, మెత్తగా, కోచ్ చెప్పింది చెప్పినట్టుగా ఉంది. ఆర్నెల్లుగా ఆయన ‘గుండ్రం మసగ్గా ఉండాలి’ అని మొత్తుకున్నది దీని గురించేనన్నమాట! నాకు కళ్లు చెమర్చాయి. సామాను మంచిదైతే చాలు, విద్య దానంతటదే వస్తుందని నేను మొదట్నించీ చెబుతూనే ఉన్నాను. జర్మనీ వాళ్లకి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

చిన్న ఇబ్బంది ఒకటే. ఆ గుండ్రం నా పిస్టల్‌కి కొంచెం ఎడమగా ఉంది. సరే అని చెయ్యి ఎడమకి జరిపి, చూపు కూడా జరిపాను. గుండ్రం ఇంకాస్త ఎడమకి వెళ్లింది. మళ్లీ జరిగాను, మళ్లీ వెళ్లింది. దానికి నేనంటే సిగ్గో ఏమో అనుకున్నాను. చివరికి పాదాలు కూడా కాస్త తిప్పి, దాన్ని పట్టుకుని ట్రిగ్గర్ నొక్కాను. టప్. హాయిగా పేలింది.

మధ్యలో కార్డు చూసుకోవడానికి ప్రతి లేనులోనూ చిన్న దుర్బీను ఉంటుంది. నేను దాని జోలికి పోలేదు. అసలైన ఛాంపియన్లు మధ్యలో మార్కులు చూసుకోరని ఎక్కడో చదివాను. రెండోది పేల్చాను. మూడోది పేల్చాను. నాలుగోది అయ్యాక ఎడమ పక్క నుంచి “అయ్యో!” లాంటి చైనీసు శబ్దం వినబడింది. ఓరగా చూశాను. లిమ్ ఆంటీ పిస్టల్ బల్ల మీద పెట్టి ఉంది. ఆవిడ దుర్బీన్లో చూసి, తల పైకెత్తి సీలింగుకి నమస్కారం లాంటిది చేసి, ఐదో గుండు కోసం మళ్లీ పిస్టల్ తీసుకున్నారు. పెద్దావిడ, టెన్షన్లో ఉన్నట్టున్నారు పాపం అనుకుని నా పనిలో నేను పడ్డాను.

పదీ అయిపోయాయి. అంత ప్రశాంతంగా నేనెప్పుడూ కాల్చలేదు. పిస్టల్ దింపి, గాజుగోడ వైపు తిరిగి సుజాతకి బొటనవేలు చూపించాను. ఆవిడ చూపించలేదు.

కోచ్ బటన్ నొక్కాడు. తీగల మీద కార్డులన్నీ మా దగ్గరికి వచ్చాయి. ఖాదర్ భాయ్ తన కార్డు చూసుకుని, పలకరింపుగా నా కార్డులోకి తొంగిచూశాడు. తర్వాత దాన్ని తీసి వెనక్కి తిప్పి చూశాడు. తర్వాత దీపానికి ఎదురుగా పెట్టి చూశాడు.

“శ్రీధర్ భాయ్, నువ్వు ఇంకా షురూ జెయ్యలేదా?”

“అయిపోయింది భాయ్. పదీ కాల్చేశా.”

“ఏడ?”

నా కార్డు దుకాణంలోంచి తెచ్చినట్టే ఉంది. ఒక్క కన్నం లేదు. మళ్లీ అమ్ముకోవచ్చు. అప్పుడే పక్క లేనులో లిమ్ ఆంటీ చెయ్యెత్తారు.

“కోచ్, నా కార్డులో పదమూడు కన్నాలున్నాయి.”

“మళ్లీ లెక్కపెట్టండి ఆంటీ.”

“నేను నలభై ఏళ్లు పిల్లలకి లెక్కలు చెప్పాను. పదమూడంటే పదమూడే.”

కోచ్ ఓంగ్ వచ్చాడు. ఆవిడ కార్డు చూశాడు. ఏడో లేను మీది నంబరు పలక చూశాడు, దానికీ కొత్తగా రెండు దెబ్బలున్నాయి. కార్డు పట్టుకునే చెక్కలో ఒక గుండు దిగి ఉంది, మిగతావి వెనక గోడకి తగిలాయి. అక్కడి నుంచి గీత గీసినట్టు మెల్లగా నా వైపు తిరిగాడు.

“నీ అద్దాలు ఇలా ఇవ్వు.”

ఇచ్చాను. ఆయన వాటిని తన కంటికి పెట్టుకుని దూరంగా చూశాడు. తల ఎడమకి తిప్పాడు, కుడికి తిప్పాడు. తీసి, అద్దం మీద వేలితో రాసి, నల్లబడిన వేలు నాకు చూపించాడు.

“ఇదేమిటి?”

అప్పటికి నాకు వెలిగింది. కాళ్ల కింద నేల కదిలింది. బూట్లు బల్లపరుపువి కాబట్టి పడిపోలేదు, అంతే.

“దిష్టిచుక్క సార్.”

“అంటే?”

“చెడు చూపు తగలకుండా పెడతాం.”

“ఎవరి చూపు?”

“అందరిదీ.”

“అందరి చూపుకీ అడ్డం పెడదామని నీ చూపుకి అడ్డం పెట్టుకున్నావా?”

“మీరే కదా సార్, గుండ్రం మసగ్గా కనబడాలన్నారు...”

కోచ్ ఓంగ్ ఒక్క క్షణం ఊపిరి బిగబట్టాడు. తర్వాత ఆయన నుంచి ఒక శబ్దం వచ్చింది. ముందు దగ్గనుకున్నాం. కాదు, నవ్వు! ఆర్నెల్లలో మొదటిసారి. ఒకసారి మొదలయ్యాక ఆపుకోలేక బల్ల పట్టుకుని వంగిపోయాడు. ఖాదర్ భాయ్ అయితే తన టోపీతో మొహం కప్పుకుని కుర్చీలో కూలబడ్డాడు. “నెత్తిల బుర్ర లేకున్నా నడుస్తది గానీ భాయ్, కంటి ముంగట చుక్క పెట్టుకుంటరా ఎవరన్న?” గాజుగోడ తలుపు తీసుకుని సుజాత వచ్చేసింది. ఆవిడ ఒకే ఒక్క మాట అంది.

“కాడ మీద పెడతానన్నానండీ.”

మార్కులు వేసే సమయం వచ్చింది. నాకు వెయ్యడం తేలికే, పది సున్నాలు. చిక్కల్లా లిమ్ ఆంటీ కార్డుతోనే. ఆవిడ దుర్బీన్లో చూసుకున్న లెక్క ప్రకారం అక్కడ పడిన నా గుండ్లు మూడు. వాటిలో రెండు నడిమధ్య పదిలో, ఒకటి తొమ్మిదిలో. చుక్క అడ్డం లేని కళ్లతో ఆర్నెల్లలో నేనెప్పుడూ ఒకే కార్డులో రెండు పదులు కొట్టలేదు!

“ఈ మూడూ నావి కావు” అన్నారు లిమ్ ఆంటీ గట్టిగా. “నేను ఇంత బాగా కాల్చను.”

“కన్నాలన్నీ ఒకే సైజు ఆంటీ. ఏది ఎవరిదో తేల్చలేకపోతే, కార్డు ఎవరిదైతే వాళ్లకి ఎక్కువ మార్కులవే పది లెక్కపెట్టాలి. రూలు లా.”

“ఇది అన్యాయం కాదా? ఈయన ఏమంటాడో అడగండి.”

అందరూ నా వంక చూశారు. నేను ఏమంటాను? నా నీలం పిస్టల్ కళ్ల ముందే ఎగిరిపోతోంది. కానీ ఆవిడ మొహంలో కంగారు, ఆశ ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. అది చూస్తే నాకు నవ్వే వచ్చింది. “తీసుకోండి ఆంటీ. నా దగ్గరుంటే ఎలాగూ పనికిరావు” అన్నాను.

కోచ్ లెక్క కట్టాడు. యాభై ఎనిమిది రావలసిన ఆవిడకి డెబ్బై ఐదు వచ్చింది. ఆవిడ రెండు చేతులతో నోరు మూసుకున్నారు. కాసేపటికి నాతో నెమ్మదిగా అన్నారు. “కాల్చకుండానే పది పడింది చూసి, మా ఆయన పైనుంచి సాయం చేస్తున్నాడనుకున్నాను. రెండోది కూడా పడేసరికి అనుమానం వచ్చింది. ఆయన బతికున్నప్పుడు ఏ పనిలోనూ రెండోసారి సాయం చేసిన మనిషి కాదు.” అంటూనే ఆవిడ కిలకిలా నవ్వేశారు, కళ్లు తుడుచుకుంటూనే.

మరుసటి శనివారం ఆవిడ ఒక డబ్బా నిండా పైనాపిల్ టార్టులు తెచ్చి నా చేతిలో పెట్టి, పక్కన కూర్చున్నారు.

“ఉత్తరం వచ్చింది. నువ్వు పిస్టళ్ల గురించి ఐదు నెలలు చదివావట కదా. నన్ను ఏది కొనమంటావు?”

పాఠకులారా, నా జీవితంలో అసలు పరీక్ష అదీ. వెండి రంగుది కొనమంటే చాలు. నీలంది ఇంకో ఆర్నెల్లు డీలరు దగ్గరే పడి ఉండొచ్చు, నా కోసం. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఆవిడ తన కుడిచెయ్యి చాచి, “నా మణికట్టు కొంచెం బలహీనం” అంటూ అమాయకంగా చూపించారు. ఇరవై ఒక్క వరసల పట్టిక తీశాను. తేలికపాటిది, మెత్తటి ట్రిగ్గర్, చిన్న చేతికి సరిపోయే పిడి. ఎటు నుంచి చూసినా ఒక్కటే తేలింది.

“నీలం రంగుది ఆంటీ. చిన్న సైజు పిడి. రేటు ఒకటే కదా అని పెద్దది మాత్రం తీసుకోకండి.”

లైసెన్సు రాగానే ఆవిడ అదే కొన్నారు. అది ఆవిడ చేతిలో ఎంత బాగా కుదిరిందంటే, చూసి నాకు అసూయపడటం కూడా చేతకాలేదు. ఐదు నెలలు కష్టపడి నేను ఎంచుకున్న పిస్టల్ నిజంగానే మంచిది, ఎంచుకున్నది ఎవరి కోసమో మాత్రమే నాకు ముందు తెలియలేదు. ఇప్పటికీ అప్పుడప్పుడు కోచ్ ఎదురుగా, ఆయన అనుమతితో, దాంతో నన్ను ఒక్క గుండు కాల్చనిస్తారు. ముందు నా అద్దాలు తీసుకుని టిష్యూతో రెండువైపులా శుభ్రంగా తుడిచి, దీపానికి ఎత్తిపట్టి చూసి, అప్పుడే ఇస్తారు.

నేను తర్వాతి పోటీలో క్లబ్బు పాత అద్దాలతో డెబ్బై మూడు తెచ్చుకుని వెండి రంగుది కొనుక్కున్నాను. బాగానే ఉంది. కానీ నా పేరు మాత్రం మరో రకంగా స్థిరపడిపోయింది. ఇప్పుడు మా క్లబ్బులో పరీక్ష కోసం ఎవరు కొత్తగా వచ్చినా, ముందు నా లేను నంబరు కనుక్కుంటారు. నేను వెళ్లేసరికి నా ఎడమపక్క లేనులో బల్ల మీద టిష్యూ ప్యాకెట్ ఉంటుంది. పోయిన పోటీలో మూడు ప్యాకెట్లున్నాయి, ముగ్గురు మనుషులు కొట్టుకున్నారు.

అందుకే అందరి ఎదుటా చెబుతున్నాను. ఇకమీదట నా కంటికీ నా కార్డుకీ మధ్య గాలి తప్ప మరేదీ ఉండనివ్వను. నా గుండ్లు నా కార్డుకే పోతాయి, ఒకవేళ దారి తప్పినా గోడకి పోతాయి గానీ పక్కవాళ్లకి పదులు పెట్టవు. ఎడమచెయ్యి జేబులో పెట్టుకుని, కుడిచెయ్యి నిటారుగా చాచి, ఎడమ కన్ను మూసుకుని మరీ ప్రమాణం చేస్తున్నాను. నా ఎడమపక్క లేను వాళ్లు దయచేసి టిష్యూ ప్యాకెట్లు తీసేసుకోవచ్చు.